కట్టని స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్ కిట్: ఏ దేశానిది, ఎన్నో తరం?

విభాగం: సినిమా సామగ్రి నకళ్ళు › గుర్తింపు

అట్టపెట్టె
అందరికీ నమస్కారం. పేరు, ముద్ర ఏమీ లేని వాక్యూమ్ ఫార్మింగ్ కిట్ ఇది, అంటే వేడి ప్లాస్టిక్ షీటుని దిమ్మె మీద గాలి పీల్చి లాగి చేసిన విడి షెల్లులు. 1977 ‘స్టార్ వార్స్’లోని స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్. ఇంకా కత్తిరించలేదు, అతికించలేదు. పెట్టెలో ఉన్నవి:

– ముఖం షెల్ 1, నెత్తి-వెనక భాగం కలిసిన షెల్ 1. రెండింటికీ చుట్టూ ఫ్లాంజి, అంటే కత్తిరించేయాల్సిన మిగులు అంచు, అలాగే ఉంది.
– చెవులు 2, ఒకే షీటు మీద పక్కపక్కనే లాగినవి.
– మైకు మొనలు 2 (ముఖం ముందు అమర్చేవి), రెజిన్ పోత, పసుపు తిరిగాయి.
– ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క 1, మూలలో చిన్న అచ్చు గుర్తు ఉంది.
– నల్ల రబ్బరు పట్టీ, సుమారు 60 సెం.మీ.
– పొట్లంలో 8 స్క్రూలు, నట్లు.
– జెరాక్స్ కాగితాలు 2. ఒకటి అతికించే పద్ధతి, అడుగున 081తో మొదలయ్యే ఫోన్ నంబరు. రెండోది విడిభాగాల జాబితా, వేరే అక్షరాల్లో.

షెల్ బయట నున్నగా ఉంది, లోపల తోలులాంటి గరుకు. రంగు పాలమీగడ తెలుపు. అమ్మినవాళ్ళు ‘సినిమా అచ్చుల నుంచే తీసినది’ అన్నారు. అది ఎంతవరకు నిజమో ఎలా తేల్చాలి?

చార్మినార్_చక్రి
081 అంటే లండన్ అన్నా. సినిమా హెల్మెట్లు లాగింది లండన్ పక్కన ట్వికెన్‌హామ్‌లనే. లెక్క కుదిరింది గదా, ఇంకేం గావాలె?

వెర్నియర్_వెంకట్రావు
చక్రి గారూ, అంత తొందర వద్దు. కాగితం ఒక దారిలో వచ్చి ఉండొచ్చు, షెల్ ఇంకో దారిలో. ఈ రకం కిట్లలో ఎప్పుడూ రెండు ప్రశ్నలుంటాయి. ఆకారం ఎక్కడ పుట్టింది? చేతిలో ఉన్న ప్లాస్టిక్‌ని ఎవరు, ఎప్పుడు లాగారు? అమ్మకం పేజీల్లో సగం గందరగోళం ఈ రెంటినీ కలిపేయడం వల్లే.

అట్టపెట్టె గారూ, ముందు ఒక మాట. ఫ్లాంజి కత్తిరించకండి. కిట్ జాతకం అంతా దాని మీదే ఉంటుంది, ఒకసారి కోస్తే మళ్ళీ రాదు.

పనికిరాని గుర్తులు కూడా ఇప్పుడే పక్కన పెట్టేద్దాం. నోటి దగ్గర పళ్ళు ఎనిమిది తెరిస్తే స్టంట్ హెల్మెట్ (గుంపు, పోరాట దృశ్యాలకి), ఆరు తెరిస్తే హీరో హెల్మెట్ (దగ్గరి షాట్లకి) అంటారు. సినిమా విషయంలో అది నిజమే. కానీ ఆ పళ్ళు కోసేది కిట్ కట్టేవాడు. చదునైన కటకమా, ఉబ్బు కటకమా, బుగ్గ గొట్టం మీద నీలం చారలు ఎన్ని, బూడిదరంగు చేత్తో వేశారా, స్టిక్కరా – ఇవన్నీ కట్టినవాడి ఇష్టం. కట్టని షెల్ పుట్టుక వాటితో తేలదు.

కావలసిన వివరాలు ఇవి:
1. ఫ్లాంజి మందం, క్లాంపు పట్టిన అంచుకి వీలైనంత దగ్గర, నాలుగు వైపులా.
2. నెత్తి మీద, చెంపల దగ్గర షెల్ మందం.
3. షెల్ లోపలి ఉపరితలం, పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫోటోలు.
4. కాగితాల పొడవు వెడల్పులు.
5. స్క్రూ వ్యాసం, పది మరల పొడవు.

లీడ్స్_లింగం
081 గురించి. లండన్ కోడు 01 నుంచి 071, 081గా విడిపోయింది 1990 మే 6న. 1995 ఏప్రిల్ 16 నుంచి అవి 0171, 0181 అయ్యాయి. 2000లో 020 వచ్చింది. కాబట్టి ఆ కాగితంలోని మాటర్ 1990 మే తర్వాత రాసిందే. ఇటు హద్దు గట్టిది. అటు హద్దు మాత్రం మెత్తన. పాత కాగితాన్నే ఏళ్ళ తరబడి జెరాక్స్ తీసి పెట్టెల్లో పడేసేవాళ్ళు. 1995 తర్వాత తీసిన కాపీ మీదా 081 ఉండొచ్చు.

సినిమా అచ్చుల మాటకొస్తే, ట్వికెన్‌హామ్‌లో హెల్మెట్లు లాగిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ పాత పనిముట్లతో మళ్ళీ జనానికి అమ్మడం మొదలెట్టింది 2004లో. దాని మీద లూకాస్‌ఫిల్మ్ వేసిన కాపీరైటు కేసు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2011 జూలైలో ‘ఈ హెల్మెట్ శిల్పం కాదు’ అని తీర్పొచ్చింది. 2004 నాటి సరుకులో 081 కాగితం ఉండటానికి కారణం కనిపించదు. అమ్మినవాళ్ళ మాట ఇక్కడే సగం పడిపోయింది.

అచ్చుబొమ్మ
ప్లాస్టిక్ ఏమిటో తేల్చుకోవడం మొదటి మెట్టు. ఫ్లాంజి మూల నుంచి గోరంత ముక్క చాలు.

గ్లాసు నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ముక్క వేయండి. సబ్బు లేకపోతే నీటి పొర మీదే నిలబడి మోసం చేస్తుంది. తేలితే హెచ్‌డీపీఈ లేదా పాలీప్రొపిలీన్. మునిగితే నీళ్ళు మార్చి, ఉప్పు ఇక కరగనంత దాకా కలపండి. ఆ ఉప్పునీటి సాంద్రత 1.2 దాకా వస్తుంది. ఏబీఎస్, పాలీస్టైరీన్ 1.04 దగ్గర ఉంటాయి కనుక పైకి తేలుతాయి. పీవీసీ 1.35 పైనే, కాబట్టి అడుగునే ఉంటుంది.

ఏబీఎస్‌కి, హిప్స్ అనే గట్టి పాలీస్టైరీన్‌కి తేడా తెలియాలంటే ఆసిటోన్ ఒక్కటే సరిపోదు, రెంటినీ మెత్తబరుస్తుంది. నారింజ తొక్క నూనె, అంటే లిమొనీన్ ఉన్న క్లీనర్ ఒక చుక్క వేసి గంట ఆగండి. హిప్స్ జిగురవుతుంది, ఏబీఎస్ దాదాపు అలాగే ఉంటుంది. ఇదంతా తుంపిన ముక్క మీదే చేయాలి. షెల్ మీద ఆసిటోన్ తగిలితే మచ్చ పోదు.

ఇంత తిప్పలు ఎందుకంటే, 1976లో సినిమాకి లాగిన స్టంట్ హెల్మెట్లు హెచ్‌డీపీఈవి, పైన తెల్ల పెయింటు వేశారు. హెచ్‌డీపీఈకి జిగురూ పట్టదు, పెయింటూ సరిగా నిలవదు. అందుకే అభిమానుల కిట్లలో దాదాపు అందరూ తెల్ల ఏబీఎస్‌కే వెళ్ళారు. మీ ముక్క తేలితే మాత్రం ఈ చర్చ వేరే దారి పడుతుంది.

అట్టపెట్టె
మామూలు నీళ్ళలో మునిగింది, ఉప్పునీళ్ళలో తేలింది. నారింజ నూనెకి కదల్లేదు. ఏబీఎస్ అనుకుంటున్నా.

ఫ్లాంజి మందం నాలుగు వైపులా 2.27, 2.30, 2.29, 2.28 మి.మీ. చెంప దగ్గర 1.4 నుంచి 1.6, నెత్తి మీద 1.9.

జెరాక్స్ కాగితాలు రెండూ 216 × 279 మి.మీ. మొదటి దాంట్లో కన్ను కటకం కోసుకోడానికి నమూనా గీత ఉంది, పక్కన ‘50 మి.మీ.’ అని కొలత గీత. ఆ గీత స్కేలుతో కొలిస్తే 47 వస్తోంది.

స్క్రూ వ్యాసం 2.8 మి.మీ. పది మరలు 6.3 మి.మీ.

వెర్నియర్_వెంకట్రావు
చక్కగా కొలిచారు. ఒక్కొక్కటీ చూద్దాం.

ఫ్లాంజి 2.29. షీటు వేడెక్కి సాగేటప్పుడు పలచబడుతుంది, క్లాంపు కింద ఉన్న భాగం మాత్రం సాగదు. అందుకే కొన్నప్పటి మందం అక్కడే దొరుకుతుంది. అమెరికాలో షీటు అంగుళం వెయ్యో వంతుల్లో అమ్ముతారు: 60, 80, 90, 125. మిల్లీమీటర్లలో 1.52, 2.03, 2.29, 3.18. బ్రిటన్‌లో 1.5, 2, 2.5, 3. మందం 1.5 దగ్గరో 2 దగ్గరో వచ్చుంటే ఏమీ చెప్పలేం, రెండు దేశాల షీట్లూ కలిసిపోతాయి. షీటు తయారీలోనే అయిదు నుంచి పది శాతం అటూ ఇటూ ఉంటుంది. మీ అదృష్టం, 2.29 ఈ రెంటినీ విడదీసే చోట పడింది. నాలుగు వైపులా 90కి అతుక్కుని ఉంది. పలచబడిన 2.5 షీటు అనుకోడానికి వీలుంది కానీ, అమెరికా వైపే మొగ్గు.

స్క్రూ. ఇక్కడ జాగ్రత్త. 2.8 వ్యాసం చూసి పాత బ్రిటిష్ 6 బీఏ అనేస్తారు. అమెరికా 4-40 స్క్రూ వ్యాసం కూడా 2.84, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. మరల మధ్య దూరం చూడాలి. 6 బీఏ అయితే పది మరలకి 5.3 మి.మీ., 4-40 అయితే 6.35. ఎం3 అయితే వ్యాసం 3, పది మరలకి 5. మీది 4-40.

స్క్రూలు తర్వాత ఎవరైనా వేసి ఉండొచ్చు కాబట్టి ఆ ఒక్కదాని మీద కేసు నిలబెట్టకూడదు. షీటుతో కలిపి చూస్తే బరువుంది.

డల్లాస్_దిబ్బరొట్టె
కాగితం మాట ఎవరూ ఎత్తలేదేం! 216 × 279 అంటే ఇక్కడ అమెరికాలో లెటర్ సైజు. బ్రిటన్ వాడు ఏ4 మీద రాసుకుంటాడు, 210 × 297. ఏ4 కాగితాన్ని లెటర్ మీదకి కాపీ తీస్తే అడుగున దాదాపు 18 మి.మీ. తెగిపోతుంది. తెగకుండా పట్టించాలంటే 94 శాతానికి తగ్గించాలి. 50లో 94 శాతం ఎంత? 47.

అంటే బ్రిటిష్ కాగితాన్ని అమెరికాలో ఎవరో జెరాక్స్ తీశారు. మీ దగ్గరున్నది ఆ కాపీ, లేదా కాపీకి కాపీ. ఆ నమూనా పెట్టి కటకం కోస్తే ఆరు శాతం చిన్నదై కంటి రంధ్రంలోంచి జారిపోతుంది, చూసుకోండి.

ఆకుపచ్చ ముక్క మూలలో ఏముంది? ఇక్కడ కంటి కటకాలకి వెల్డింగ్ ముఖకవచం షీటు కొని కోసి ఇవ్వడం పాత అలవాటు, షేడ్ 5 రకం. దాని మీద ‘జడ్ 87’ అని ఉంటే అమెరికా ప్రమాణం. యూరప్‌దైతే ‘ఈఎన్ 166’ లాంటి సంఖ్య, సీఈ గుర్తు ఉంటాయి.

అట్టపెట్టె
భూతద్దంతో చూశాను. జడ్ 87 అనే ఉంది, పక్కన 5. విడిభాగాల జాబితా కాగితం మీద అక్షరాలు గుండ్రంగా, చిన్నపిల్లల పుస్తకంలోలా ఉన్నాయి.

డల్లాస్_దిబ్బరొట్టె
కామిక్ శాన్స్ అయి ఉంటుంది. ఇంగ్లీషు చిన్న ‘ఏ’ ఒంటి అరలో ఉందా, ‘వై’ తోక తిన్నగా వాలిందా చూడండి. అదే అయితే 1995కి ముందుది కాదు. ఆ ఫాంటు జనం కంప్యూటర్లలోకి వచ్చింది ఆ ఏడే. ఆ తర్వాత దాన్ని వాడని శుభలేఖ లేదనుకోండి, అందుకే పై హద్దు చెప్పలేం.

చార్మినార్_చక్రి
సరే, కాగితం, కటకం, స్క్రూలు అన్నీ అమెరికావే అనుకుందాం. షెల్లు లండన్‌ల లాగి అటు పంపిన్రు, అక్కడోడు పెట్టె సర్దిండు అనుకోరాదా? పంపిణీదారు ఉండొచ్చు గదా.

వెర్నియర్_వెంకట్రావు
మంచి ప్రశ్న. షీటు మందం దానికి కొంత అడ్డు చెబుతోంది కానీ తేల్చదు. తేల్చేది షెల్ కొలతలే. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు.

రెజిన్ పోతలో నకలుకి నకలు తీస్తే చిన్నదవుతుంది, అందరికీ తెలిసిందే. వాక్యూమ్ ఫార్మింగ్‌లో అలా కాదు. కింద దిమ్మె ఉంటుంది, దాని మీద వేడి షీటు పరుచుకుంటుంది. షెల్ లోపలి వైపు దిమ్మె కొలత, బయటి వైపు దిమ్మె కొలతకి షీటు మందం కలిపినది. ఎవరైనా తయారైన షెల్ బయటి నుంచి సిలికాన్ మూస తీసి, దాంట్లో కొత్త దిమ్మె పోసి, మళ్ళీ షీటు లాగితే, కొత్త షెల్ బయట ఒక్కో పక్క ఒక మందం లావవుతుంది.

దీనికి తోడు ఏబీఎస్ చల్లారేటప్పుడు సుమారు అర శాతం ముడుచుకుంటుంది. కాబట్టి ఇలా నకలు నుంచి తీసిన రెండో తరం షెల్‌లో మూడు రకాల కొలతలు మూడు దారుల్లో నడుస్తాయి:

బయటి వెడల్పు పెరుగుతుంది, రెండు మందాలు కలిపి ముడుత తీసేసినంత.
మధ్యబిందువు నుంచి మధ్యబిందువుకి దూరం తగ్గుతుంది, ముడుత మేర మాత్రమే. మందం రెండు వైపులా సమానంగా చేరుతుంది కనుక మధ్య కదలదు.
గాడుల వెడల్పు బాగా తగ్గుతుంది, రెండు గోడలకీ మందం చేరుతుంది కనుక.

ఎవరో కొత్తగా మట్టితో చెక్కి కొంచెం పెద్దగా చేసి ఉంటే అన్ని కొలతలూ ఒకే వైపు జరుగుతాయి. బయట పెరిగి, మధ్యదూరం తగ్గి, గాడి ఇరుకైతే, అది నకలుకి నకలే. ఇంకో కారణం దొరకడం కష్టం.

పోల్చడానికి తొంభైల నాటి బ్రిటిష్ షెల్ ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?

లీడ్స్_లింగం
ఉంది. ఇదే 081 కాగితం, ఏ4 మీద, కొలత గీత సరిగ్గా 50. షెల్ ఫ్లాంజి 2.0 మి.మీ., లోపల కూడా నున్నగానే ఉంది, గరుకు లేదు. ఫ్లాంజితోనే ఉంది.

నెత్తి షెల్, చెవుల రేఖ దగ్గర బయటి వెడల్పు: 248.5
మైకు మొనల గుంటలు, మధ్య నుంచి మధ్యకి: 98.0
నోటి కింద వోకోడర్ (గొంతు యంత్రంలా కనిపించే నల్ల గాడుల పట్టీ) నిలువు గాడి వెడల్పు: 4.8

అట్టపెట్టె గారు కూడా ఈ మూడే తీయాలి. షెల్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, ఫ్లాంజి నాలుగు మూలలా బల్లకి తాకేలా టేపు వేసి కొలవండి. ఊరికే చేతిలో పట్టుకుంటే నెత్తి షెల్ మూడు నాలుగు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది, మొత్తం లెక్క తప్పుతుంది. ఫ్లాంజి కోసేసిన షెల్‌తో బయటి వెడల్పు పోల్చడం దండగ అనేది అందుకే.

అచ్చుబొమ్మ
గాడి కొలిచేటప్పుడు వెర్నియర్ లోపలి దవడలు అడుగుదాకా దిగవు. డ్రిల్ బిట్ల వెనక తోకలు వాడండి, 2.5, 2.6, 2.7 ఇలా. ఏది వదులు లేకుండా దిగితే అదే గాడి వెడల్పు. గాడి సగం లోతులో చూడండి, పెదవి దగ్గర గుండ్రంగా ఉండి ఎక్కువ చూపిస్తుంది.

అట్టపెట్టె
టేపు వేసి, ఒక్కోటి మూడుసార్లు:

బయటి వెడల్పు 250.2, 250.4, 250.2
మైకు గుంటల మధ్యదూరం 97.5, 97.5, 97.4
వోకోడర్ గాడి: 2.6 బిట్ పట్టింది, 2.7 దిగలేదు.

వెర్నియర్_వెంకట్రావు
లెక్క కట్టండి. చెంప పక్క మందం 1.5 అనుకుంటే రెండు పక్కలా 3.0. 248.5లో అర శాతం ముడుత 1.24. 248.5 + 3.0 – 1.24 = 250.3. మధ్యదూరం 98.0లో అర శాతం 0.49, అంటే 97.5. గాడిలో షీటు ఇంకా పలచబడి మందం 1.1 అనుకుంటే రెండు గోడలు 2.2, అంటే 4.8 నుంచి 2.6.

మూడూ కుదిరాయి. లింగం గారి షెల్ లాంటి దాని బయటి నుంచి మూస తీసి, అమెరికాలో 90 షీటుతో లాగిన షెల్ ఇది. చక్రి గారి పంపిణీదారు ఉన్నా లేకపోయినా, ఈ ప్లాస్టిక్ లండన్ దిమ్మె మీద లాగింది కాదు.

చార్మినార్_చక్రి
మస్తు లెక్క సార్. మరి బయట కాకుండా షెల్ లోపల్నే పీఓపీ పోసి దిమ్మె తీసుంటే?

వెర్నియర్_వెంకట్రావు
అప్పుడు దొరకడం కష్టం. లోపల పోస్తే దిమ్మె కొలత పాత దిమ్మెకి దగ్గరగానే ఉంటుంది, పదును కూడా పోదు. బయటి వెడల్పు అర శాతం తగ్గుతుంది తప్ప పెరగదు. పీఓపీ గట్టిపడేటప్పుడు రవ్వంత ఉబ్బుతుంది కాబట్టి ఆ అర శాతంలో కూడా కొంత పూడిపోతుంది. అలాంటి కిట్‌ని కొలతలతో పట్టుకోలేం, లోపలి ఉపరితలమే ఆధారం. ఇక్కడ వెడల్పు పెరిగింది, గాడి సగానికి సగం పూడింది కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు.

అచ్చుబొమ్మ
లోపలి ఫోటోల మాట. అట్టపెట్టె గారు పెట్టిన నాలుగో ఫోటోలో నుదుటి దగ్గర చిన్న బుడిపెలు కనిపిస్తున్నాయి, ఆవగింజంత. షెల్ లోపల బుడిపె ఉందంటే దిమ్మెలో ఆ చోట గుంట ఉన్నట్టు, వేడి షీటు గుంటలోకి దిగింది. పోత పోసిన దిమ్మెలో గాలి బుడగలు పైకొచ్చి పగిలితే అలాంటి గుంటలే పడతాయి. చెక్క దిమ్మెకి ఇవి రావు. లోపల గుంట కనిపిస్తే తిరగేసి అర్థం చేసుకోవాలి: దిమ్మె మీద బుడిపె ఉంది, అంటే సిలికాన్ మూసలో బుడగ ఉండి అందులోకి రెజిన్ దిగింది. మీ దాంట్లో రెండూ ఉన్నాయి. మూస తీసి పోసిన దిమ్మె అనడానికి ఇది ఇంకో సాక్ష్యం.

గాలి పీల్చే రంధ్రాల గుర్తులు కూడా లోపలే ఉంటాయి, లోతు మూలల్లో సన్నని మొనల్లా. వాటి వరస ఒక్కో దిమ్మెకి ఒక్కోలా ఉంటుంది. అదే దిమ్మె మీద లాగిన ఇంకో షెల్ ఎక్కడైనా దొరికితే ఈ మొనల వరస పోలిస్తే చాలు, ఇంక కొలతలతో పనే లేదు. వరస కనబడేలా ఫోటో తీసి ఈ చర్చలో ఉంచండి.

తోలు గరుకు సంగతి: అమెరికా ఏబీఎస్ షీట్లలో ఒక వైపు ఆ గరుకు మామూలే. కానీ యూరప్‌లోనూ గరుకు షీట్లు దొరుకుతాయి కనుక నేను దానికి పెద్ద మార్కులు వేయను.

డల్లాస్_దిబ్బరొట్టె
ఇంకొకటి చూడండి. ముఖం షెల్ మీద, నుదుటి పట్టీ వచ్చే చోట సన్నని మెట్టు ఉందా? చెవులు కూర్చునే చోట వాటి అంచు నీడలా పడిందా? ఉంటే, మూస తీసింది కట్టేసిన హెల్మెట్ నుంచి. రబ్బరు పట్టీ, చెవి, పెయింటు మందం అన్నీ మూసలోకి ఎక్కుతాయి. లేకపోతే విడి షెల్లుల నుంచి తీసినట్టు.

అట్టపెట్టె
నుదుటి దగ్గర మెట్టు లేదు. చెవుల దగ్గరా ఏమీ లేదు, వేలితో రాసి చూశాను.

డల్లాస్_దిబ్బరొట్టె
అయితే కట్టని బ్రిటిష్ కిట్ ఒకటి కొని, విడి షెల్లులకే మూసలు తీశారన్నమాట. కాగితం కూడా దాంతోపాటే వచ్చింది. కథ అతుకుతోంది.

చార్మినార్_చక్రి
గట్లయితే లింగం అన్న దగ్గరున్న షెల్ ఆకారం ఎక్కడిది? అదే సినిమా అచ్చుదైతే, ఇది దాని మనవడు గదా.

లీడ్స్_లింగం
దానికి ఒక పరీక్ష ఉంది, పూర్తిగా తేల్చకపోయినా కొన్నిటిని కొట్టేస్తుంది. 1976 హెల్మెట్ మట్టి నమూనా చేత్తో చేసింది, రెండు వైపులా ఒకేలా లేదు. కుడి కన్ను, ఎడమ కన్ను ఆకారం వేరు, బుగ్గ గొట్టాలు వేరు. ఒక కంటి అంచుని ట్రేసింగ్ కాగితం మీద గీసి, కాగితం తిప్పి రెండో కంటి మీద పెట్టాలి. గీత గీతకి సరిగ్గా కూర్చుంటే ఎవరో తర్వాత కొత్తగా చెక్కి సరిచేసిన ఆకారం, లేదా కంప్యూటర్‌లో గీసినది. నా షెల్‌లో కూర్చోదు, మూల దగ్గర స్పష్టంగా తేడా.

అంతమాత్రాన సినిమాలో వాడిన హెల్మెట్ నుంచే వచ్చిందని చెప్పలేను. చూసి చెక్కినవాడు ఆ వంకర కూడా చెక్కి ఉండొచ్చు. 1983 సినిమా హెల్మెట్ల నుంచి దిగిన వరసలు కూడా ఉన్నాయి, వాటి ముఖం తీరు వేరు. నా దాన్ని 1977 సినిమా ఫోటోలతో పోలిస్తే కంటి వంకర ఏ వైపు ఎక్కువో ఆ వైపే ఉంది. అంతవరకే.

1977లో అమెరికాలో డాన్ పోస్ట్ స్టూడియోస్ లైసెన్సుతో అమ్మిన హెల్మెట్ నుంచి వచ్చిందా అంటే, కాదు. దాని నిష్పత్తులే వేరు, పైగా అది తయారైన సరుకు, కిట్ కాదు.

అట్టపెట్టె
ట్రేసింగ్ పెట్టి చూశాను. నా దాంట్లో కూడా కూర్చోలేదు. ఎడమ కన్ను బయటి మూల దగ్గర 2 మి.మీ. దాకా తేడా వస్తోంది, లింగం గారి ఫోటోలో ఉన్న వైపే.

దీన్ని కట్టాలా, అలాగే ఉంచాలా? అమ్మాల్సి వస్తే ఏమని రాయాలి?

వెర్నియర్_వెంకట్రావు
అమ్మకం పేజీలో ఇంతే రాయండి: ‘1990ల బ్రిటిష్ అభిమాని కిట్ నుంచి అమెరికాలో తీసిన రెండో తరం షెల్, ఏబీఎస్, 90 షీటు, జాబితా కాగితం (కామిక్ శాన్స్ అయితే) 1995 లేదా ఆ తర్వాతది, కట్టలేదు.’ ‘సినిమా అచ్చు’ అనే మాట రానివ్వకండి. కొలతల పట్టిక, ఫ్లాంజి ఫోటో పెట్టండి. తెలిసినవాడు వాటికే డబ్బిస్తాడు.

రంగు పచ్చబడటాన్ని వయసుకి సాక్ష్యంగా రాయొద్దు. ఏబీఎస్‌లోని బ్యూటడీన్ భాగం ఎండకి పచ్చబడుతుంది. కిటికీ పక్కన రెండేళ్ళున్నది పెట్టెలో పాతికేళ్ళున్న దానికన్నా పచ్చగా ఉంటుంది.

అచ్చుబొమ్మ
కట్టాలనుకుంటే రెండో తరం షెల్‌తో వచ్చే చిక్కులు ముందే తెలుసుకోండి.

గాడులు పూడి ఉంటాయి కనుక వోకోడర్ నల్లరంగు వేస్తే పక్కకి పాకుతుంది. గాడిలో 240 నంబరు గరుకు కాగితాన్ని సన్నని పుల్లకి చుట్టి రాయండి, పెదవి గుండ్రం కొంచెం తగ్గుతుంది. ఎక్కువ రాస్తే చిరుగుతుంది, అక్కడ మందం సుమారు 1.1 మాత్రమే.

నెత్తి షెల్, ముఖం షెల్ రెండూ లావయ్యాయి కాబట్టి ఒకదానిలో ఒకటి కూర్చునే చోట బిగువవుతుంది. కోసేటప్పుడు ఒకేసారి గీత దాకా వెళ్ళకండి. 5 మి.మీ. వదిలి కోసి, పెట్టి చూసి, తర్వాత దించండి. కత్తితో రెండు మూడుసార్లు గీసి వంచితే ఏబీఎస్ గీత వెంట చక్కగా విరుగుతుంది. కంటి మూలల్లో మాత్రం ముందు 3 మి.మీ. రంధ్రం వేసి అక్కడికి కోత తీసుకురావాలి, లేకపోతే చీలిక బుగ్గలోకి పాకుతుంది. పాత ఏబీఎస్ కొత్తదానికన్నా పెళుసు, చలి ఉదయం అస్సలు వంచకండి.

చెవులే అన్నిటికన్నా విసుగు. చెవి లోపలి వంపు నెత్తి వంపుకి సరిపోదు, రెండో తరంలో సందు ఇంకా పెరుగుతుంది. చెవి వెనక అంచుని పెన్సిల్ గీతతో కొంచెం కొంచెంగా రాసుకుంటూ రండి. సందు పుట్టీతో నింపేస్తే ఏడాదిలో పగులుతుంది.

జిగురు ఏబీఎస్‌కి పనికొచ్చే సాల్వెంట్ సిమెంట్ అయితే ఊడదీయడం కుదరదు. తర్వాత విప్పాలని ఉంటే లోపల ఏబీఎస్ పట్టీలు పెట్టి ఆ 4-40 స్క్రూలతోనే బిగించండి.

లీడ్స్_లింగం
రంగులకి హంబ్రోల్ ఎనామెల్ పాత అలవాటు: బూడిదరంగుకి 5, నీలం చారలకి 14. మైకు మొనలు అసలువి హోవి-మిక్స్ పీఏ2 మైకుల ముందు భాగాలు. కిట్‌లోవి వాటి పోతలు, నల్లరంగు వేస్తే పసుపు కనబడదు.

అట్టపెట్టె
కట్టకుండా ఉంచేస్తాను. కటకం నమూనా మాత్రం సరైన సైజుకి తీసి పెట్టెలో పెడదామనుకుంటున్నా. 94 శాతం కాపీని 106కి పెంచితే సరిపోతుందా?

డల్లాస్_దిబ్బరొట్టె
106కి పెంచితే 49.8 వస్తుంది. జెరాక్స్ షాపులో 106.4 కుదరకపోతే అదే చాలు, కటకానికి అంచు ఎలాగూ 10 మి.మీ. వదులుతారు. కాపీ తీశాక 50 గీత స్కేలుతో ఒకసారి కొలవండి, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. కొన్ని యంత్రాలు కాగితం నడిచే వైపు రవ్వంత సాగదీస్తాయి.